కొలత ఇచ్చి కట్టించుకున్న సైకిలు



మన ఊళ్లలో చాలాకాలం పాటు సైకిలు ఫ్రేముకు రెండే కొలతలు తెలుసు. ఒకటి 22 అంగుళాలు, ఇంకొకటి 24 అంగుళాలు. పొట్టివాళ్లకు మొదటిది, పొడుగువాళ్లకు రెండోది అని పేరుకే గానీ, అలా చూసి కొన్నవాళ్లు తక్కువ. దుకాణంలో ఏది ఉంటే అది, అన్న వాడి వదిలేసింది ఏదైతే అది, కట్నంలో ఏది వస్తే అది. సైకిలు, వాచీ, రేడియో. ఈ మూడింటి కోసం అల్లుళ్లు అలిగిన రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. సైకిలు ఎత్తయితే సీటు పూర్తిగా దించేవాళ్లం. అయినా అందకపోతే నడుము అటూ ఇటూ ఊపుతూ పెడలు అందుకునేవాళ్లం. పిల్లలైతే కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వేలాడేసి తొక్కేవాళ్లు. బండికి తగ్గట్టు ఒళ్లే సర్దుకునేది. ఒంటికి తగ్గట్టు బండి ఉండొచ్చునన్న ఊహే ఎవరికీ రాలేదు.

వింత ఏమిటంటే, అదే ఊళ్లో అదే మనిషి నాగలి చేయించుకోవడానికి పోతే వడ్రంగి అతని ఎత్తు చూసేవాడు, ఎడ్ల ఎత్తు చూసేవాడు, మేడి చేతికి ఎక్కడ అందుతుందో చూసి మరీ చెక్కేవాడు. కమ్మరి కొడవలికి పిడి తొడిగే ముందు ఒకసారి పట్టుకుని చూడమనేవాడు. పనిముట్టుకు కొలత ఇవ్వడం మనకు తెలియని సంగతి కాదు. సైకిలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ముచ్చటే మరిచిపోయాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య మా మేనల్లుడు ఒక సైకిలు కట్టించుకున్నాడు. కొనుక్కోలేదు, కట్టించుకున్నాడు. ఒక మనిషి తన షెడ్డులో కూర్చుని, స్టీలు గొట్టాలు కోసి, రాకి, అతికి, వీడి ఒంటి కొలతలకు తయారుచేసిన రోడ్డు సైకిలు అది. రోడ్డు సైకిలంటే పొట్టేలు కొమ్ముల్లాగా వంగిన హ్యాండిలు, సన్నటి టైర్లు ఉంటాయే, ఆ రకం. అది పెట్టెలో చందనవెల్లికి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను.

చందనవెల్లి ఎక్కడని అడిగేవాళ్ల కోసం చెబుతున్నాను. రంగారెడ్డి జిల్లా, షాబాద్ మండలం. హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వచ్చి షాబాద్ వైపు తిరగాలి. హైతాబాద్ పక్క ఊరు. మధ్యలో ఒక మాట. షాబాద్ బండలు అంటాం చూశారా, అవి ఈ షాబాద్‌వి కావు, కర్ణాటకలో గుల్బర్గా దగ్గర ఉన్న షాహాబాద్‌వి. చందనవెల్లి ఒకప్పుడు మెట్ట సేద్యం ఊరు. ఇప్పుడు పారిశ్రామిక వాడ. వెల్‌స్పన్ వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. వెల్‌స్పన్ అనగానే ఉక్కు గొట్టాలనుకునేరు, ఇక్కడ చేసేది నేల మీద పరిచే తివాచీలూ పలకలూ. అమెజాన్ వాళ్ల డేటా సెంటర్ ఉంది. దగ్గర్లోని సీతారాంపూర్‌లో కరెంటు బస్సులు తయారుచేసే ఒలెక్ట్రా ఉంది. మావాడు వీటిలో ఒకదాంట్లో ఉద్యోగి. ఏది అన్నది మన కథకు అక్కర్లేదు.

చేత్తో ఫ్రేములు కట్టేవాళ్లు మన దేశంలో లేకపోలేదు, కానీ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మావాడు పట్టుకున్నది వాళ్లలో ఒకణ్ణి. ఆర్డరు ఇచ్చాక ఆ మేస్త్రీ మొదట డబ్బు అడగలేదు, కొలతలు అడిగాడు. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడాలి. కాళ్ల మధ్య ఒక లావుపాటి పుస్తకాన్ని పైకి బిగించి పట్టాలి. దాని పై అంచు నుంచి నేలదాకా ఎంతుందో కొలవాలి. ఆ అంకెను 0.883తో హెచ్చవేస్తే పెడల్ ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ఇది. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 70.6 వస్తుందన్నమాట. అయితే ఇది తలుపు తెరవడం వరకే. మొండెం పొడుగెంత, చేతులెంత, భుజాల వెడల్పెంత, చెప్పు సైజెంత, నిలబడి వంగితే వేళ్లు నేలకు తగులుతాయా, మెడ నొప్పి ఏమైనా ఉందా. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు.

అన్నిటికంటే నాకు నచ్చిన ప్రశ్న ఇంకొకటి. ఏ రోడ్ల మీద తొక్కుతావు అని అడిగాడు. మావాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. చేవెళ్ల రోడ్డు, షాబాద్ రోడ్డు. తాండూరు బండల లారీలు, కంకర టిప్పర్లు తిరిగి తిరిగి అంచులు కొరికేసిన తారు, గుంత పూడ్చిన చోట మళ్లీ గుంత. సెలవురోజు వికారాబాద్ దాటి అనంతగిరి గుట్ట ఎక్కాలి. ఎండాకాలం రెండు నీళ్ల సీసాలు లేనిదే కదలలేం. మేస్త్రీ ఈ మాటలన్నీ గీతలో పెట్టాడు. 32 మిల్లీమీటర్ల టైరు పట్టేంత జాగా, గుట్ట కోసం తేలికపాటి గేర్లు, రెండు సీసాలకు మరలు, వెనక క్యారియర్ కావాలంటే తగిలించుకునే రంధ్రాలు, ముందు చక్రం తిప్పినప్పుడు బూటు మొన తగలనంత దూరం. అంగడి సైకిలుకూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉందని నాకు అనిపించింది. అంగడి సైకిలు గీసినవాడికి అనంతగిరి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆ గీత చూసి, మావాడు సరేనని సంతకం పెట్టాకే మేస్త్రీ రంపం పట్టాడు. ఆ తర్వాత ఇక నిరీక్షణ. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ఈ లోపల కనిపించిన ప్రతివాడూ ఒకే మాట అడిగాడు. కార్బన్ ఫైబర్ కాలంలో స్టీలేంట్రా అని. న్యాయమైన ప్రశ్నే. టూర్ ద ఫ్రాన్స్‌లో ఇప్పుడు స్టీలు కనబడదు. కానీ స్టీలంటే బరువు అనే మాటను మాత్రం కాస్త ఆగి చూడాలి. 1972 అక్టోబరు 25న బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆ సైకిలును ఇటలీలో ఎర్నెస్టో కొల్నాగో కట్టాడు, స్టీలు గొట్టాలతోనే. మొత్తం బరువు ఆరు కిలోల లోపు. పోటీ సైకిలు 6.8 కిలోల కంటే తక్కువ తూగకూడదని ఇప్పుడు అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నిబంధన. అంటే ఆనాటి స్టీలు సైకిలును ఈనాటి పోటీలోకి, మరీ తేలికగా ఉందని, రానివ్వరు.

జపాన్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ కేరిన్ అని ఒక సైకిలు పందెం ఉంది. 1948లో కొకురా పట్నంలో మొదలైంది. గుర్రప్పందేల్లాగే జనం చట్టబద్ధంగా డబ్బు కాస్తారు. పందెం కాసినవాడు మోసపోకూడదు కాబట్టి, గెలుపు కాళ్లదే కావాలి తప్ప బండిది కాకూడదు కాబట్టి, మగవాళ్ల పందేల్లో సైకిళ్లన్నీ స్టీలువే ఉండాలని నియమం పెట్టారు. ముద్ర పొందిన మేస్త్రీలు ఒక్కో ఆటగాడి కొలతకు ఒక్కో ఫ్రేము కట్టి ఇస్తారు. వాళ్లలో నాగసావా యోషియాకి అని పేరుమోసిన పనివాడు. ఇటలీ వెళ్లి నేర్చుకొచ్చాడు. ఆయన కట్టిన సైకిళ్ల మీద నకానో కోయిచి 1977 నుంచి 1986 దాకా వరసగా పదిసార్లు ప్రపంచ స్ప్రింట్ ఛాంపియన్ అయ్యాడు.

ఇప్పుడు మీకు రెండు చప్పుళ్లు వినిపిస్తాను. స్టూడియోకు రెండు గొట్టం ముక్కలు తెచ్చాను. ఒకటి పాత సైకిలు ఫ్రేములోంచి కోసింది. గోటితో కొడుతున్నాను, వినండి. టక్. ఇప్పుడు రెండోది, మేనల్లుడి సైకిలు కట్టగా మిగిలిన ముక్క. మేస్త్రీ దాన్ని గుర్తుగా పెట్టెలో వేసి పంపాడు. టింగ్... ఇంకా మోగుతోంది చూశారా. రెండూ ఉక్కే. పైనుంచి చూస్తే రెండూ ఒకే లావు. తేడా అంతా లోపల ఉంది.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఇది తెలిస్తే మిగతాదంతా సులువు. ఉక్కు ఏ రకమైనా వంచితే వంగే గుణం దాదాపు ఒకటే. ఖరీదైన ఉక్కు ఎక్కువ బిర్రుగా ఏమీ ఉండదు. కానీ అది తేలిగ్గా సొట్టపోదు, విరగదు. అంత బలం ఉంది కాబట్టి గోడను పలచగా చేయవచ్చు. మామూలు సైకిలు గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం. దీనికి అలా కాదు. కొసల దగ్గర 0.8 లేదా 0.9 మిల్లీమీటర్లు, మధ్యలో 0.5 లేదా 0.6. అతుకు వేసే చోట మంట తగులుతుంది, బరువూ అక్కడే పడుతుంది, కాబట్టి అక్కడ కండ ఉంచి, పని తక్కువ ఉన్న మధ్యభాగంలో తీసేస్తారు. పైకి మాత్రం నున్నగా ఒకే లావు. సగం మిల్లీమీటరు గోడ కాబట్టే టింగ్‌మంటుంది.

ఈ కిటుకు కనిపెట్టింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసుకునే కుటుంబం. జాన్ రెనాల్డ్స్ 1841లో మేకుల వ్యాపారం పెట్టాడు. ఆ ఇంటివాడే ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ ఇంకొకరితో కలిసి 1897లో ఈ గొట్టానికి పేటెంట్ తీసుకున్నాడు. లోపల మెట్లున్న ఇనప కడ్డీ పెట్టి దాని మీదుగా గొట్టాన్ని లాగుతారు. గొట్టం లోపలివైపు ఆ మెట్ల ఆకారం దిగుతుంది. సరే, కొసలు ఇరుకు, నడుమ వెడల్పు, మరి లోపలి కడ్డీ బయటికెలా వస్తుంది? గొట్టాన్ని రోలర్ల మధ్య నలుపుతారు, వెంట్రుకవాసి ఉబ్బుతుంది, కడ్డీ జారిపోతుంది. 1935లో ఇదే కంపెనీ 531 అనే గొట్టం తెచ్చింది. మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు పెద్దపెద్ద పందేలు గెలిచిన సైకిళ్ల మీద ఆ 531 చీటీ ఉండేది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 1928లో ఈ రెనాల్డ్స్ కంపెనీ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెద్ద బ్రిటిష్ సంస్థ చేతిలోకి వెళ్లింది. ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ. అదే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ 1949లో మద్రాసు మురుగప్ప వాళ్లతో కలిసి అంబత్తూరులో సైకిళ్ల ఫ్యాక్టరీ పెట్టింది. మన హెర్క్యులెస్, బీఎస్ఏ సైకిళ్లు అక్కడివే. అంటే 531 గొట్టం తీసిన కంపెనీ, మా నాయన తొక్కిన హెర్క్యులెస్ చేసిన కంపెనీ, ఒకప్పుడు ఒకే ఇంటి బిడ్డలు. ఆ ఇంట్లో పలచటి గొట్టం బర్మింగ్‌హామ్‌లోనే ఉండిపోయింది. మందపాటిది మనకు వచ్చింది.

ఇందులో కుట్రేమీ చూడనక్కర్లేదు. మనం సైకిలుతో చేయించిన పని అటువంటిది. రెండు వైపులా పాలక్యాన్లు, వెనక గడ్డిమోపు, ముందు కడ్డీ మీద పిల్లవాడు, అంతా కలిసి నిన్నటి వానకు కోసుకుపోయిన బండ్లబాట మీద. సగం మిల్లీమీటరు గోడ దానికి ఆగదు. హెర్క్యులెస్ గీసినవాడు తన రోడ్డు చూసే గీశాడు. కాకపోతే ఆ ఒక్క జవాబునే డాక్టరుకూ, పోస్ట్‌మ్యాన్‌కూ, కాలేజీ పిల్లకూ అందరికీ ఇచ్చేశారు. బాధ అదొక్కటే.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి కోనసముద్రాన్ని తలచుకోకుండా ఉండలేను. నిజామాబాద్ జిల్లాలోని ఊరు. మట్టి మూసల్లో ఉక్కు వండేవాళ్లు. దాని కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చి అక్కడే ఉండి, నాణ్యం చూసుకుని కొనుక్కుపోయేవాళ్లు. ఆ ఉక్కుతో చేసిన కత్తులకు డమాస్కస్ పేరు వచ్చింది. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో పనిచేసిన వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పని కళ్లారా చూసి రాసిన వివరం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇలాంటి చోట మనవాళ్లు వెంటనే, అదిగో అన్నీ మన దగ్గరే పుట్టాయి అంటారు. నేను అనను. కోనసముద్రం ఉక్కుతో సైకిలు కట్టలేం. దాంట్లో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, కత్తి అంచుకు అది వరం. సైకిలు గొట్టానికి 0.3 శాతం చాలు, అంతకు మించితే అతుకు దగ్గర పెళుసెక్కుతుంది. కోనసముద్రం ఉక్కు ముద్దలుగా ఇక్కడినుంచి పోయింది, పేరు తెచ్చిన పనితనం ఇంకోచోట జరిగింది. నన్ను పట్టుకున్న విషయం అదీ.

ఇప్పుడేమో తిరగబడింది. గొట్టం అవతలి నుంచి రావాలి, పని ఇక్కడ జరుగుతోంది. గొట్టం తీయడం మనకు రాక కాదు. హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ 1971 నుంచి ఉంది, అణు రియాక్టర్లకు అతుకు లేని గొట్టాలు లాగుతుంది. కంచన్‌బాగ్‌లో మిధాని 1973లో పెట్టారు, ఇస్రో రాకెట్ మోటార్ల కవచానికి మారేజింగ్ స్టీలు పోస్తుంది. రెనాల్డ్స్ వాళ్ల ఖరీదైన సైకిలు గొట్టం 953 కూడా మారేజింగ్ జాతి ఉక్కే. రాకెట్టుకు ఉంది, సైకిలుకు లేదు. ఎవరు అడిగారు గనక? ఏడాదికి పదిమంది అడిగేదానికి ఎవరూ అచ్చు తయారుచేయరు.

సరే, పెట్టె విప్పుదాం.

కొత్త సైకిలు రాగానే అందరూ రంగు చూస్తారు. మావాడూ అదే చూశాడు. నేను మాత్రం వాడి చేతికి దారపు ఉండ ఇచ్చాను. వెనక ఇరుసు కూర్చునే చోట ఒక పక్క దారం కట్టి, దాన్ని లాక్కుంటూ ముందుకు తెచ్చి, హ్యాండిలు దిగే ముందు గొట్టాన్ని చుట్టించి, మళ్లీ వెనక్కి తీసుకుపోయి రెండో పక్క కట్టాలి. బిర్రుగా ఉండాలి. ఇప్పుడు నడిమి సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం ఈ పక్క ఎంత, ఆ పక్క ఎంత అని కొలవాలి. రెండూ ఒకటైతే ఫ్రేము నిటారుగా ఉన్నట్టు. తేడా వస్తే చేతులు వదిలినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది, మేస్త్రీ ఎంత గొప్పవాడైనా సరే. దీనికి పైసా ఖర్చు లేదు, పాత సైకిలుకూ చేసి చూసుకోవచ్చు.

తర్వాత గీత కాగితం పక్కన పెట్టుకుని టేపుతో కొలిచాం. సంతకం పెట్టిన అంకెలూ ఇనుములోని అంకెలూ ఒకటేనా అని. అనుమానించినట్టు కాదు, అప్పగింత అంటే అదే. ఆ తర్వాత అతుకులు. అతికిన ఇత్తడి కరిగి, గొట్టాల సందులోకి చుట్టూ సమంగా పారిందా, ఎక్కడైనా సూది బెజ్జం ఉందా, మంట ఎక్కువై గొట్టం కమిలిందా. ఇత్తడి పనికి దాదాపు 900 డిగ్రీల వేడి కావాలి. వెండి కలిపిన పూతకు 700 లోపే చాలు. ఇంత పలచటి గొట్టంతో పనిచేసేవాడి నైపుణ్యమంతా మంటను ఎంతసేపు ఉంచాలన్న దాంట్లో ఉంటుంది. వెలిగారం కరిగి అద్దంలా పారిన క్షణం పట్టుకోవాలి. ఇంకాస్త ఆగితే గొట్టం పోతుంది, తొందరపడితే ఇత్తడి లోపలికి దిగదు.

స్టీలుకు శత్రువు తుప్పు, అదీ లోపలి నుంచి. మన ముసురుకు సీటు గొట్టంలోకి నీళ్లు దిగుతాయి. పాతకాలం మందు ఒకటుంది. కాచిన అవిసె నూనె గొట్టాల్లో పోసి, ఫ్రేమును అన్ని వైపులా తిప్పి, మిగిలింది కారిపోయేలా ఒక రాత్రి వేలాడదీయాలి. లోపల సన్నటి పొర కడుతుంది. ఒక్క జాగ్రత్త మరిచిపోకండి. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఒకచోట కుప్ప పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టి పారేయాలి. ఇక సీటు కడ్డీకి గ్రీజు పూయడం, మరలు లెక్కప్రకారం బిగించడం వంటివి ప్రతి సైకిలుకూ ఉన్నవే. కాటా మీద తూచితే తొమ్మిది కిలోలకు కొంచెం పైన తూగింది. మావాడి మొహం కొద్దిగా చిన్నబోయింది. ఆరు కిలోల మెర్క్స్ కథ నేనే చెప్పాను మరి. ఆయన సైకిలుకు బ్రేకులు లేవు, గేర్లు లేవు, నీళ్ల సీసా లేదురా అని సముదాయించాను.

మొదటి సవారీ పారిశ్రామిక వాడ రోడ్ల మీదే. వెడల్పుగా, పొద్దున్నే ఖాళీగా ఉంటాయి. కొత్త చక్రాల పుల్లలు సర్దుకుంటూ కాసేపు టిక్కుటిక్కుమన్నాయి. హైతాబాద్ దాకా వెళ్లి వచ్చాడు.

"ఎట్లుందిరా?" అన్నాను.

"ఏం తెలుస్తలేదు మామా. సైకిల్ ఎక్కినట్టే లేదు" అన్నాడు కొంచెం నిరాశగా.

అంత డబ్బు పోస్తే ఒళ్లు పులకరించాలి కదా అని వాడి బాధ. కొలత కుదిరిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? అరచేతులు తిమ్మిరెక్కలేదు, మెడ పట్టలేదు, సీటు మీద ముందుకు జారలేదు. అయినా అసలు తీర్పు అప్పుడే రాదు, మూడు నాలుగు గంటలు ఆగకుండా తొక్కాక వస్తుంది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాల్సిన బ్రెవే సవారీలు హైదరాబాద్‌లో జరుగుతుంటాయి. కొలత తప్పిన సైకిలు అక్కడ వందో కిలోమీటరు దగ్గర నిజం చెప్పేస్తుంది.

ఒక విషయంలో నేను స్టీలు భక్తులతో తగాదా పడతాను. స్టీలు మెత్తగా ఉంటుంది, గుంతల్ని మింగేస్తుంది అంటారు. ఫ్రేము అంటే ముక్కోణాలు. నిలువుగా బరువు పడితే ముక్కోణం దాదాపు కదలదు, ఏ లోహమైనా అంతే. గుంతను మింగేది టైరు. 30 మిల్లీమీటర్ల టైరులో 60 పాయింట్ల గాలి పెట్టి చూడండి, ఏ ఫ్రేమైనా మెత్తగానే ఉంటుంది. స్టీలును మెచ్చుకోవడానికి వేరే కారణాలున్నాయి. సొట్ట పడితే ముందే కనిపిస్తుంది, చెప్పకుండా పుటుక్కున విరిగే అలవాటు తక్కువ. ఒక గొట్టం పాడైతే అదొక్కటే విప్పి కొత్తది వేయవచ్చు. ఒక్క మనిషికి ఒక్క సైకిలు కట్టాలంటే అచ్చు అక్కర్లేదు, రంపం, ఆకురాయి, మంట చాలు.

ఆ తర్వాత చేవెళ్ల రోడ్డు. మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా రెండు పక్కలా మర్రిచెట్లు. అప్పా జంక్షన్ దగ్గర మొదలయ్యే ఈ 46 కిలోమీటర్ల దారిలో 900కు పైగా ఉండేవని లెక్క. రోడ్డు వెడల్పుకు వాటిని తీసేస్తారని జనం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. చెట్లు ఉండాలనేవాళ్లదీ, రోడ్డు వెడల్పు కావాలనేవాళ్లదీ, ఇద్దరిదీ ప్రాణభయమే. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయారు. ఆ చోటు దాటేటప్పుడు ఎవరూ మాట్లాడరు. 2023లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు, పైన సోలార్ పలకల కప్పు కూడా ఉంది, బాగుంది. అది ఈ రోడ్డుకు రాదు. మావాడికి నేను కొనిచ్చింది వెనక ఎర్ర లైటు ఒకటి, పగలు కూడా వెలిగేది.

చేవెళ్లలో టీ తాగడానికి ఆగాం. పక్కనే పాత సైకిలు, పంచరు దుకాణం. పెద్దాయన, తెల్లటి మీసం. గ్యాస్ వెల్డింగు సామాను మూలకు ఉంది. మోపెడ్లు, స్ప్రేయర్లు, మంచాలు, అన్నీ అతుకుతాడు. లేచి వచ్చి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గిదేం సైకిల్ బిడ్డా? స్టాండ్ లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డ్ లేదు, బెల్లు సుత లేదు. ఎంతైంది?"

"ఎక్కువే అయింది కాకా" అన్నాడు మావాడు తల వంచుకుని. ఒక మంచి మోటారు సైకిలు ధర అయిందని చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన ఇక ధర జోలికి పోలేదు. కూర్చుని, అద్దాలు పెట్టుకుని, పెడల్ ఇరుసు దగ్గర గొట్టాలు కలిసే చోట వేలు పెట్టి నెమ్మదిగా తడిమాడు.

"ఇత్తడే పోసిండు. మంచిగ పారింది." గోటితో కొట్టాడు. టింగ్‌మంది. "గొట్టం పల్చగుంది సారూ. దీనికి మంట పెట్టుడు మస్తు కష్టం. ఒక్క సెకను ఎక్కువైతే పోతది. యాడ జేసిన్రు?"

చెప్పాను. గొట్టాల సంగతీ చెప్పాను, కొసలు మందం, నడుమ పలచన అని. మీ దగ్గరికి వచ్చే పాత హెర్క్యులెస్‌ల అతుకులూ ఇదే పద్ధతివి కదా మేస్త్రీ, గొట్టాన్ని తొడుగులో దూర్చి ఇత్తడి పారించడమే కదా అన్నాను. అవునన్నట్టు తల ఊపాడు. చాలాసేపు ఏమీ అనలేదు. లేచి చేతులు తుడుచుకున్నాడు.

"గసొంటి గొట్టాలు ఒక జత తెప్పియ్యున్రి సారూ. ముందుగాల రెండు మూడు ముక్కలు ఖరాబ్ జేస్త, గది మాత్రం ముందే చెప్తున్న. తర్వాత కడ్త."

"మరి మిగతా సామాను?" అన్నాను.

"వెలిగారం ఉంది, ఇత్తడి కడ్డి ఉంది, మంట ఉంది. గొట్టమే లేదు."

మేనల్లుడు ఆ సాయంత్రమే బర్మింగ్‌హామ్‌కు ఉత్తరం రాశాడు, విడి గొట్టాల ధర ఎంతని.